గురువారం గది

చర్చి వెనకున్న పాత బడి గది తాళం బాస్త్యావ్ మొలకి వేలాడే గుత్తిలో ఉండేది. ప్రతి గురువారం సాయంత్రం త్రికాల జపం గంట కొట్టి, గోపురం దిగి వచ్చి, ఆ గది తలుపు తీసి, బెంచీలు గుండ్రంగా సర్ది, కూజా నిండా నీళ్ళు పెట్టి పోవడం అతని పనుల్లో ఒకటి. కొవ్వొత్తులు వెలిగించడం, పాద్రిగారి పూజ అంగీలు ఉతికించడం, పెళ్ళికి ఒకలా చావుకి ఒకలా గంట కొట్టడం, ఇవన్నీ అతని తాత కాలం నుంచీ ఆ ఇంటివాళ్ళు చేస్తున్నవే. ఈ గురువారం గది ఒక్కటే కొత్తగా వచ్చి పడింది. తాగుడు మానాలనుకునేవాళ్ళు అక్కడ కూర్చుని ఒకరి గోడు ఒకరు వినేవాళ్ళు. ఏఏ మీటింగు అనేవాళ్ళు దాన్ని. మా ఊరివాళ్ళు మాత్రం తాగుబోతుల జపమాల అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది కూడా బాస్త్యావే.

తలుపు తీసిచ్చాక అతను ఇంటికి పోయేవాడు కాదు. రోడ్డు దాటి ఎదురుగా ఫెనీ సారా అమ్మే కొట్లో కూర్చునేవాడు. "వాళ్ళు లోపల ఏడుస్తున్నారు, మనం బయట నవ్వుతున్నాం. చెప్పండి, ఎవరు సుఖపడుతున్నట్టు?" అని గ్లాసు ఎత్తేవాడు. గురువింద గింజకి తన కింది నలుపు తెలియదంటారు. బాస్త్యావ్‌కి తన నలుపు బాగానే తెలుసు. కొవ్వొత్తుల పెట్టె వెనక చిన్న సీసా ఒకటి ఉందనీ, పొద్దున అది గొంతులో పడనిదే చేతులు వణుకు మానవనీ అతనికి తెలియక కాదు. తెలిసే నవ్వేవాడు. తన వంతు రాకుండా ఉండాలంటే ముందు ఇంకొకడిని చూపించాలన్నది అతని లెక్క.

అలా చూపించినవాళ్ళలో మింగెల్ ఒకడు. మింగెల్ మనిషి నెమ్మది. ఎప్పుడో ఓడ మీద పనిచేసిన రోజుల్లో బాగా తాగేవాడు, అక్కడే పాడయ్యాడు, ఆ పని వదిలి ఊళ్ళో స్థిరపడేనాటికి మానేశాడు. అందుకని అతను ఒకప్పుడు తాగేవాడని ఊళ్ళో ఎవరికీ తెలియదు. బడి పిల్లల్ని తీసుకెళ్ళే వ్యాను నడిపేవాడు. పిల్లలు ఎక్కేటప్పుడు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, దిగేటప్పుడు మళ్ళీ పేరు పెట్టి సాగనంపేవాడు. గురువారం నాడు వ్యాను దూరంగా ఎక్కడో ఆపి, వెనక దారిన నడిచి వచ్చి ఆ గదిలో కూర్చునేవాడు.

ఒక గురువారం కూజా నింపడం మరిచిపోయి వెనక్కి వెళ్ళిన బాస్త్యావ్ కిటికీ కింద ఆగాడు. లోపల మింగెల్ గొంతు వినపడింది. ఓడ దిగి సెలవుకి వచ్చినప్పుడు ఇంట్లోనే తాగి, ఆ మత్తులో తల్లి మీద చెయ్యి చేసుకున్నాననీ, ఆమె పోయేదాకా ఆ మాట ఎవరికీ చెప్పలేదనీ అతను చెబుతున్నాడు. మధ్యలో ఆగిపోయి ఏడ్చాడు. బాస్త్యావ్ చడీచప్పుడు కాకుండా నీళ్ళు అరుగు మీద పెట్టి, రోడ్డు దాటి, కొట్లో కూర్చుని, రెండో గ్లాసులో ఆ కథ మొత్తం చెప్పేశాడు. చెప్పడం కూడా ఏడుపు గొంతు పెట్టి మరీ చెప్పాడు. అందరూ పడీ పడీ నవ్వారు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. వారం తిరక్కుండానే ఒక తల్లి, "మా చిన్నదాన్ని వాళ్ళ నాన్నే దింపుతాడంట, నువ్వు ఇంటి ముందు ఆగక్కర్లేదులే" అంది. తరువాత ఇంకొకరు, ఆ తరువాత మరొకరు. ఎవరూ కారణం చెప్పలేదు. మింగెల్ కూడా ఎవర్నీ అడగలేదు. వాన కాలం రాకముందే వ్యాను అమ్మేసి, రాళ్ళు మోసే టిప్పరు మీద డ్రైవరుగా చేరాడు. గురువారాలు మాత్రం మానలేదు. గది దగ్గర బాస్త్యావ్ ఎదురైతే చూపు నేల మీద పెట్టుకుని లోపలికి పోయేవాడు. ఆ కిటికీ అవతల ఉండగలిగిన మనిషి ఊళ్ళో ఒక్కడే అని మింగెల్‌కి తెలుసు. అతనికి తెలుసని బాస్త్యావ్‌కీ తెలుసు. ఆ తరువాత నుంచి కొట్లో మీటింగు మాట ఎవరు ఎత్తినా బాస్త్యావ్ కలిసి నవ్వలేకపోయేవాడు. తాగడం మాత్రం ఎక్కువైంది.

ఇక గంట సంగతి.

మా ఊళ్ళో చావు గంటకి ఒక పద్ధతి ఉంది. మగవాడు పోతే మూడేసి దెబ్బలు, ఆడమనిషి పోతే రెండేసి, మధ్యలో ఒక పరలోక జపం చదివేంత ఎడం ఇస్తూ చాలాసేపు కొడతారు. గంట వినగానే చేతిలో పని చేతిలోనే వదిలి, మంచానపడ్డవాళ్ళు ఏ ఇంట్లో ఉన్నారో తలుచుకుని అటు నడుస్తారు. ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు.

వానలు మొదలైన కొత్తలో ఒక తెల్లవారుజామున బాస్త్యావ్ త్రికాల జపం గంటకి గోపురం ఎక్కాడు. ఎక్కే ముందే సీసా ఖాళీ చేశాడు. తాడు పట్టుకుని రెండు దెబ్బలు కొట్టాడు. త్రికాల జపానికి వెంటవెంటనే మూడేసి కొట్టాలి, మూడోది మిగిలిందని తెలుసు. కానీ తాడుకి నుదురు ఆనించేసరికి కళ్ళు మూతపడ్డాయి. ఉలిక్కిపడి లేచి మళ్ళీ రెండు కొట్టాడు. మళ్ళీ నుదురు ఆనింది. అలా ఎంతసేపు కొట్టాడో అతనికే తెలియదు. కింద ఊరంతా లేచింది.

ఆడమనిషి, మంచాన పడ్డది. ఇంకెవరు, కుస్తొదీన్ ముసలమ్మ. వాన తుంపరలోనే జనం నల్ల బట్టలు వేసుకుని, కొవ్వొత్తులు పట్టుకుని ఆమె ఇంటికి బయలుదేరారు. రొట్టెలవాడు సైకిలు మీద పోతూ పక్క వాడకి కూడా కబురు చేరవేశాడు. పెట్టె చేసే వడ్రంగి కొలత టేపు జేబులో వేసుకుని వచ్చాడు. అందరూ గడప దాటేసరికి కుస్తొదీన్ ముసలమ్మ మంచం మీద దిండ్లకి ఆనుకుని, రొట్టె టీలో ముంచుకుని తింటోంది.

"ఏంటర్రా, పొద్దున్నే ఇంత మంది? ఎవరు పోయారు?" అందామె.

ముసలమ్మ కొవ్వొత్తుల వంక చూసింది, నల్ల ముసుగుల వంక చూసింది, వెనక్కి నక్కుతున్న వడ్రంగి వంక చూసింది.

"నేనా?" అంది. తరువాత కళ్ళు చికిలించి, "సరే, పోయాను గదా. పక్కకి జరగండి, ఎవరెవరు వచ్చారో చూసుకోనివ్వండి. ఆ దక్షిణపు వాడ వాళ్ళు రాలేదేం? ఉన్నప్పుడూ రారు, పోయినా రారు" అంది.

ఇల్లంతా నవ్వు. ఆ నవ్వు ఇంకా ఆగకముందే వాకిట్లో ఎవరో అరిచారు. ముసలమ్మ చెల్లెలు అంజెలీన్, ఆమె కూడా ముసలిదే, అక్క పోయిందని ఏడుస్తూ పరుగెత్తుకొస్తూ పాచి పట్టిన మెట్ల మీద జారిపడింది. చెయ్యి విరిగింది. వానలో అలాగే పడి, తన చెయ్యి సంగతి వదిలేసి, "మా అక్క మొహం ఒక్కసారి చూపించండ్రా" అని బతిమాలుతోంది.

అప్పుడు జనం చర్చి వైపు తిరిగారు. పాద్రిగారు ముందు, వెనక నలుగురైదుగురు మగవాళ్ళు. టిప్పరు తీసుకుని పనికి పోతూ గంట విని ఆగిన మింగెల్ కూడా వాళ్ళలో ఉన్నాడు. గోపురంలో బాస్త్యావ్ గంట కింద గోడకి చేరబడి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. తాడు చేతిలోనే ఉంది. పంట్లాం తడిసి ఉంది. ఆ తడి వాన వల్ల వచ్చింది కాదని అందరికీ తెలుస్తూనే ఉంది. ఇరుకు మెట్లు, ఇద్దరు కలిసి దింపడానికి కుదరదు. ఎవరూ ముందుకి రాలేదు. మింగెల్ వంగి, అతన్ని భుజాన వేసుకుని, ఒక్కో మెట్టూ దిగి, జనం మధ్యలోంచి నడిచి, అతని ఇంటి అరుగు మీద పడుకోబెట్టి వెళ్ళిపోయాడు.

దారిలోనే బాస్త్యావ్‌కి మెలకువ వచ్చింది. ఎవరి భుజం మీద ఉన్నాడో తెలిసింది. కళ్ళు తెరవలేదు. ఇల్లు చేరేదాకా నిద్ర నటించాడు.

అతని భార్య పియాద్ వాకిట్లో నిలబడి అంతా చూసింది. అరవలేదు, ఏడవలేదు. బకెట్టు నీళ్ళు, పొడి పంట్లాం తెచ్చి పక్కన పెట్టింది.

"బతికున్నవాళ్ళకి కూడా గంట కొడుతున్నావంట కదా. నేను చచ్చి ఇన్నేళ్ళయింది, నాకు మాత్రం ఒక్కసారీ కొట్టలేదు" అంది.

బాస్త్యావ్ తల ఎత్తలేకపోయాడు. ఆమె లోపలికి పోయాక ఆ పంట్లాం మొహానికి అదుముకుని ఏడ్చాడు.

సాయంత్రం పాద్రిగారు పిలిపించారు. బాస్త్యావ్ తాళాల గుత్తి విప్పి బల్ల మీద పెట్టాడు. అడక్కముందే ఇచ్చేస్తే కొంచెం మర్యాదగా ఉంటుందనుకున్నాడు.

"తాళాలు నీ దగ్గరే ఉంచుకో. గంట తాడు మాత్రం ముట్టుకోకు. కొన్నాళ్ళు నేనే కొట్టుకుంటాను" అన్నారు పాద్రిగారు.

"మరి తాళాలు ఎందుకు, పాద్రిబాబ్?"

"గురువారం ఆ గది తీస్తావు కదా. తీసి బయటికి రాకు, లోపలే కూర్చో. అంతే నేను అడిగేది. నువ్వు కూర్చున్నావో లేదో కూడా నేను ఎవరినీ అడగను. కానీ వానలు తగ్గేసరికి నువ్వు ఇలాగే ఉంటే, మీ తాత కొట్టిన గంట ఇంకొకరి చేతిలో పెడతాను."

బాస్త్యావ్ తల ఊపి వచ్చేశాడు. కూర్చోవడమే కష్టమైతే ఎలాగో ఓర్చుకునేవాడు. ఆ గదిలో మింగెల్ ఉంటాడు. ఏ నోటితో ఆ మనిషి ఎదుట కూర్చోవాలి? ఆ గురువారం బెంచీలు సర్ది, కూజా పెట్టి, తేలు కుట్టిన దొంగలా ఇంటికి పోయి తలుపు వేసుకున్నాడు. మరుసటి గురువారం కూడా అంతే.

ఈలోగా మడ్‌గావ్ పట్నంలో కూడా అలాంటి మీటింగు జరుగుతుందని విన్నాడు. ఎక్కడో తెలుసుకోవడానికి అడగాలి గదా. మందుల కొట్లో, "మా బావమరిది ఒకడున్నాడు, వాడి కోసం" అన్నాడు. కొట్టువాడు అతని వణికే చేతుల వంక చూసి, "మార్కెట్టు వెనక బడి. మేడ మీద. శనివారం సాయంత్రం. మీ బావమరిదిని ఆలస్యం చెయ్యొద్దనండి" అన్నాడు.

శనివారం బస్సెక్కాడు. ఊరివాళ్ళు ఎవరైనా కనపడితే చెప్పడానికి ఎండు రొయ్యల కోసం వచ్చానన్న అబద్ధం సిద్ధంగా పెట్టుకున్నాడు. ఆ అబద్ధం నిలబడటానికి చేతిలో సంచి కూడా పట్టుకున్నాడు. బడి మెట్ల కింద చాలాసేపు నిలబడ్డాడు. పైకి పోయేవాళ్ళలో కోటు తొడుక్కున్నవాడు ఉన్నాడు, చేపల బుట్ట నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి ఉంది. ఆమె బుట్ట మెట్ల కింద దింపి, "ఏం అన్నా, కొత్తా? పైన ఫ్యాను కింద కూర్చో, నాకు ఆ గాలి పడదు" అని ముందు ఎక్కిపోయింది. ఆమె వెనకే ఎక్కాడు.

అడిగినప్పుడు తన పేరు అంతోన్ అని చెప్పాడు. అందరూ ఒక్క గొంతుతో, "రా అంతోన్" అన్నారు. ఆ పిలుపు అంత ఆప్యాయంగా ఉండేసరికి అతనికి తల కొట్టేసినట్టయింది. చేపలమ్మ తన కథ చెప్పింది. తాగి పడుకుంటే చంటిపిల్ల పొయ్యి దగ్గరికి పాకి వెళ్ళిందనీ, పక్కింటావిడ చూసి ఎత్తుకుంది కాబట్టి సరిపోయిందనీ చెప్పింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఛీ అనలేదు. ఆమె చెప్పడం అయ్యాక పక్కనున్నవాడు నీళ్ళ గ్లాసు అందించాడు, అంతే. బాస్త్యావ్‌కి తాను ఏడుపు గొంతు పెట్టి కొట్లో చెప్పిన కథ గుర్తొచ్చింది. కూర్చున్నచోటే కుంచించుకుపోయాడు.

చివర్లో అందరూ లేచి నిలబడ్డారు. పెద్దాయన ఒకడు, "ఇక్కడ విన్నది ఇక్కడే వదిలి వెళ్ళండి" అన్నాడు. ప్రతి మీటింగులోనూ అనే మాటే అది. బాస్త్యావ్‌కి మాత్రం ఆ మాట తన కోసమే అన్నట్టు వినపడింది.

అలా కొన్ని శనివారాలు వెళ్ళాడు. తాగకుండా ఉన్నాడు కూడా. చేతుల వణుకు తగ్గింది, గంజి కడుపులో నిలిచింది. పియాద్ ఒక పూట అతని కంచంలో అడక్కుండానే ఇంకో చేప ముక్క వేసింది. కానీ ప్రతి శనివారం ఆ చివరి మాట దగ్గర ఇరుక్కుపోయేవాడు. "ఇవాళైనా మాట్లాడతావా అంతోన్?" అని వాళ్ళడిగితే, "వింటాను" అనేవాడు. ఏం మాట్లాడతాడు? మాట్లాడాల్సిన మాట ఒక్కటే ఉంది, అది అంతోన్‌ది కాదు.

ఒక శనివారం తిరుగు బస్సులో అంజెలీన్ ఎక్కింది. చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. ఆసుపత్రి నుంచి వస్తోంది. కూర్చోవడానికి చోటు లేక ఒంటి చేత్తో కమ్మీ పట్టుకుని నిలబడింది. బాస్త్యావ్ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. లేచి చోటివ్వాలి. లేస్తే ఆమె తనని చూస్తుంది. లేవలేదు. ఖాళీ సంచి మొహానికి అడ్డం పెట్టుకుని, ఊరు వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు. ముసలామె ప్రతి మలుపు దగ్గరా తూలింది. ఎవరో వేరే మనిషి లేచి చోటిచ్చేదాకా తూలుతూనే ఉంది.

బస్సు దిగి తిన్నగా కొట్లోకి పోయాడు.

మరుసటి పొద్దున పియాద్ పళ్ళెంలో గంజి పెట్టింది, పక్కన పచ్చడి పెట్టింది, ఎదురుగా కూర్చుంది.

"నువ్వు మడ్‌గావ్ ఎందుకెళ్తున్నావో నాకు తెలుసు. రొయ్యలు లేని సంచి పట్టుకుని వారం వారం ఎవడూ వెళ్ళడు. అక్కడ మానేశావ్, ఇక్కడికొచ్చి తాగావ్. ఇక్కడేముంది నీకు?" అంది.

అప్పుడు చెప్పాడు. కిటికీ, కొట్టు, ఏడుపు గొంతు, నవ్వులు, అన్నీ చెప్పాడు. పెళ్ళయ్యాక ఆమెకి అతను పూర్తిగా చెప్పిన మొదటి విషయం బహుశా అదే. ఊళ్ళో ఆ కథ ఆమె కూడా వింది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు.

"పిల్లల్ని ఆయన వ్యాను ఎక్కించడం మానేసినవాళ్ళలో మా చెల్లెలు కూడా ఉంది. దానికి సలహా ఇచ్చింది నేనే" అందామె. లేచి పొయ్యి వైపు తిరిగి నిలబడింది. "నీతో కాపురం చేసినందుకు ఇన్నాళ్ళూ నేను నీ గురించి సిగ్గుపడ్డాను. ఇప్పుడు నా గురించి కూడా సిగ్గుపడాలి."

గురువారం వచ్చింది. బాస్త్యావ్ తలుపు తీశాడు, బెంచీలు సర్దాడు, కూజా పెట్టాడు. బయటికి పోకుండా తలుపు పక్క బెంచీ చివర కూర్చున్నాడు. ఎదురుగా కొట్లోంచి ఎవరో, "ఒరేయ్ బాస్త్యావ్, రాలేదేంటి? నువ్వు కూడా జపమాల తిప్పుతున్నావా?" అని కేకేశారు. తాను నేర్పిన వెటకారమే తనకి తిరిగొచ్చింది. లేచి తలుపు మూసి మళ్ళీ కూర్చున్నాడు.

ఒక్కొక్కరే వచ్చారు. అతన్ని చూసి ఎవరూ ఆశ్చర్యపోయినట్టు కనపడలేదు. చివర్లో మింగెల్ వచ్చాడు. ఒంటి మీద ఎర్ర రాయి దుమ్ము ఇంకా ఉంది. బాస్త్యావ్‌ని చూసి గడప మీదే ఒక క్షణం ఆగాడు. వెనక్కి పోతాడేమో అనిపించింది. పోలేదు. వచ్చి ఎదురు బెంచీ మీద కూర్చున్నాడు. ఆ వారం మీటింగు నడిపించే వంతు కూడా అతనిదే.

"ఇవాళ మాట్లాడాలనుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు మింగెల్, నేల వంక చూస్తూ.

బాస్త్యావ్ లేచాడు. లేవనక్కర్లేదని పక్కనున్నాయన చొక్కా లాగినా నిలబడే ఉన్నాడు.

"నా పేరు బాస్త్యావ్. తాగుబోతుని" అన్నాడు. "మీ అందరి కోసం ఈ తలుపు తీసింది నేనే. మిమ్మల్ని చూసి నవ్వింది కూడా నేనే. ఒక రోజు ఈ కిటికీ కింద నిలబడి ఒకాయన మాటలు విన్నాను. ఆయన పేరు చెప్పను, చెప్పకూడదని ఇప్పుడు తెలిసింది. విన్నది అంతా ఎదురు కొట్లో చెప్పాను. ఏడ్చినట్టు నటించి మరీ చెప్పాను. ఆయన బతుకుతెరువు పోయింది. నేను గోపురంలో బట్టలు తడుపుకుని పడి ఉంటే, నన్ను ఆయనే భుజాన మోసి దింపాడు. అప్పుడు నాకు మెలకువగానే ఉంది. సిగ్గేసి కళ్ళు తెరవలేదు. క్షమించమని అప్పుడే అడగాల్సింది. అడగలేదు. ఇప్పుడు కూడా ఆయన ముఖం చూసి అడగలేకపోతున్నాను."

కూర్చున్నాడు. ఆ గదిలో ఒకరు చెప్పిన దానికి ఇంకొకరు జవాబు చెప్పకూడదు. అది వాళ్ళ నియమం. తిట్టకూడదు, ఓదార్చకూడదు. విని ఊరుకోవాలి. ఆ నియమం ఎంత కఠినమో బాస్త్యావ్‌కి అప్పుడు తెలిసింది. నాలుగు తిట్లు తిడితే బావుండును అనుకున్నాడు. అందరూ ఊరుకున్నారు. మింగెల్ గొంతు సవరించుకున్నాడు.

"ఇంకెవరైనా?" అన్నాడు.

మీటింగు అయ్యింది. అందరూ వెళ్ళిపోయారు. బాస్త్యావ్ బెంచీలు గోడకి జరుపుతుంటే మింగెల్ రెండో కొస పట్టుకున్నాడు. బెంచీలన్నీ ఇద్దరూ కలిసే జరిపారు.

"తాగకుండా ఉండటం నీకు ఎప్పుడు కష్టంగా ఉంటుంది?" అన్నాడు మింగెల్.

"తెల్లవారుజామున. ఇంతకుముందు గోపురం ఎక్కే వేళకి."

మింగెల్ తన ఫోను నంబరు చెప్పాడు. బాస్త్యావ్ ఫోనులో అది పడేదాకా నిలబడి, టిప్పరు ఎక్కి వెళ్ళిపోయాడు. క్షమించానని గానీ లేదని గానీ అనలేదు.

ఆ రాత్రి ఎలాగో గడిచింది. తెల్లారక ముందే పాద్రిగారు గంట మొదలుపెట్టారు. ఆయనకి ఇంకా చెయ్యి కుదరలేదు, దెబ్బ దెబ్బకీ తడబడుతున్నారు. మంచం మీద పడుకుని ఆ గంట వినడం బాస్త్యావ్ వల్ల కాలేదు. లేచి వాకిట్లోకి వచ్చాడు. కల్లు గీసేవాళ్ళ కోసం కొట్టు వెనక తలుపు ఆ వేళకే తీస్తారు. కాళ్ళు గేటు దాకా తీసుకుపోయాయి. గేటు పట్టుకుని ఫోను చేశాడు.

"చెప్పు" అంది అవతలి గొంతు, వెంటనే.

"నేను, బాస్త్యావ్‌ని."

"తెలుసు. ఎక్కడున్నావ్?"

"గేటు దగ్గర."

"లోపలి వైపా, బయటి వైపా?"

బాస్త్యావ్ కింద చూసుకున్నాడు. "లోపలే."

"అక్కడే ఉండు."

కాసేపటికి టిప్పరు ఆ ఇరుకు సందులో వీధి కుక్కలన్నిటినీ లేపుతూ వచ్చి ఆగింది. మింగెల్ దిగి వచ్చి అరుగు మీద ఒక పక్క కూర్చున్నాడు. బాస్త్యావ్ ఇంకో పక్క కూర్చున్నాడు. పియాద్ టీ తెచ్చి మధ్యలో పెట్టింది. మింగెల్ వంక చూడలేక తల వంచుకునే లోపలికి వెళ్ళింది. తెల్లవారింది. రొట్టెలవాడు హారను మోగించుకుంటూ వచ్చి, అరుగు మీద ఎవరు కూర్చున్నారో చూసి, హారను మరిచిపోయాడు.

"మింగెల్, ఆ రోజు నేను..." అన్నాడు బాస్త్యావ్.

"నిన్న చెప్పావ్. విన్నాను. మళ్ళీ చెప్పకు."

"నన్ను క్షమించావా?"

"లేదు" అన్నాడు మింగెల్. గ్లాసు ఖాళీ చేసి పక్కన పెట్టాడు. "ప్రయత్నించాను. కాలేదు. మా అమ్మ సంగతి నేను ఆ గదిలో తప్ప ఎక్కడా చెప్పలేదు. నువ్వు దాన్ని ఊరందరికీ నవ్వులాట చేశావ్. ఎప్పటికైనా క్షమిస్తానో లేదో నాకే తెలియదు."

ఇంత పొద్దున్నే టిప్పరు వేసుకుని వచ్చాడంటే మనసు కరిగే ఉంటుందని బాస్త్యావ్ లోలోపల ఆశపడ్డాడు. ఆ ఆశకి కూడా సిగ్గేసింది.

"మరి ఎందుకొచ్చావ్?" అన్నాడు చివరికి.

"ఫోన్ చేశావ్ గదా." మింగెల్ లేచి దులుపుకున్నాడు. "ఓడ మీద నాకు కూడా ఒకాయన ఇలాగే తెల్లారి వచ్చి కూర్చునేవాడు. ఆయనకి నేనంటే అసలు గిట్టదు. అయినా ఒక్క రోజు మానలేదు. రేపు కూడా గేటు లోపలి వైపు నుంచే చెయ్యి."

టిప్పరు వెనక్కి తిప్పుకోవడానికి ఆ సందు చాలలేదు. బాస్త్యావ్ రోడ్డు మీదకి వచ్చి, ఊరు చూస్తుండగా, చెయ్యి ఊపుతూ దారి చూపించాడు. మింగెల్ అద్దంలోంచి ఆ చేతి వంకే చూస్తూ వెనక్కి నడిపాడు. మలుపు దాటాక గానీ బాస్త్యావ్ చెయ్యి దించలేదు.